కృతజ్ఞత కూడిక రోజు

“నువ్వు ఆ ఫోన్ ముట్టకు,” అంది ప్రేమమణి.

జంగయ్య ముట్టలేదు. అట్లాగని లేచి అవతలికి పోనూ లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, ఫోన్ స్టాండు పక్కన కుర్చీ లాక్కుని పొద్దుటినుంచీ అక్కడే కూర్చున్నాడు. ఫోన్ చేసే పిల్లకు ఈ చొక్కా కనిపిస్తుందన్నట్టు గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు.

“నేను ముట్టకుంటె ఎవరు ముడతరు? నువ్వా? నిన్న ముట్టినవ్ గద. సాలదా?”

ప్రేమమణి చాప మీద కూర్చుని ఎల్లిగడ్డ పొట్టు తీస్తోంది. సాయంత్రం వాకిట్లో కృతజ్ఞత ప్రార్థన కూడిక, దానికి బిర్యానీ. పక్కింటి విజయమ్మ ఎదురుగా కూర్చుని ఉల్లిగడ్డ కోస్తోంది. ఇద్దరి కళ్లలోనూ నీళ్లున్నాయి. విజయమ్మవి మాత్రం ఉల్లిగడ్డవి.

నిన్న ఫోన్ మోగినప్పుడు ఇంట్లో ప్రేమమణి ఒక్కతే ఉంది. ఎప్పట్లాగే ఎత్తి ‘ప్రైజ్ ద లార్డ్’ అంది. సీతాఫల్‌మండిలో వాళ్ల సంఘం ఇళ్లలో ఎక్కడ ఫోన్ ఎత్తినా ముందు ఆ మాటే వస్తుంది. అవతలి పిల్ల కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఇంగ్లీషులో ఏదో కంపెనీ పేరు చెప్పి ఇదేనా అని అడిగినట్టుంది. అందులో కొడుకు ఆర్థర్ పేరొక్కటే ప్రేమమణికి అర్థమైంది. నాకు ఇంగ్లీష్ రాదమ్మా, రేపు పొద్దున చెయ్యి, మావోళ్లు ఇంట్లనే ఉంటరు అని చెప్పి పెట్టేసింది.

అన్నం దగ్గర ఆ సంగతి చెబితే ఆర్థర్ నోటిదాకా తీసుకుపోయిన ముద్ద మళ్లీ కంచంలో పెట్టాడు.

అప్పుడు బయటపడింది. ఆర్థర్ కొత్తగా చేరిన హైటెక్ సిటీ ఉద్యోగం రెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లకిచ్చేది. ఆర్థర్‌కు రెండు రోజుల అనుభవం కూడా లేదు. అమీర్‌పేటలో ఒకడి దగ్గర దొంగ సర్టిఫికెట్ పుట్టించుకున్నాడు. లేని కంపెనీ, లేని మేనేజరు. చేర్చుకున్నాక కొత్త కంపెనీవాళ్లు పాత కంపెనీకి ఫోన్ చేసి నిజమో కాదో కనుక్కుంటారు. ఆ లేని కంపెనీకి ఉన్న ఫోన్ నంబరు ఒకటి కావాలి. సెల్ నంబరిస్తే ఎవరూ నమ్మరు, ల్యాండ్‌లైన్ ఉండాలి. ఆర్థర్ చేతికందిన ల్యాండ్‌లైన్ ఒక్కటే. ఇంటిది. స్నేహితుడు సూరి వచ్చి ఇక్కడ కూర్చుని మేనేజరులా మాట్లాడతానన్నాడు. ఈలోగా సూరికి బెంగళూరులో ఉద్యోగం దొరికింది, వెళ్లిపోయాడు.

ఇప్పుడు మేనేజరు వేషం జంగయ్యది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని చేసి రిటైరైన మనిషి. సంఘంలో పెద్ద. ఆదివారం కానుకల సంచి పట్టుకుని వరుసల మధ్య తిరిగే చెయ్యి ఆయనది.

ఆర్థర్ సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. గోడకూ గోడకూ మధ్య తిరుగుతున్నాడు.

“డాడీ, ఇంకోసారి చెప్పు. ఫోన్ ఎత్తుతవ్. ఏమంటవ్?”

జంగయ్య గొంతు సవరించుకున్నాడు. చేతిని ఫోన్‌లా చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“ప్రైజ్ ద లార్డ్…”

“డాడీ.”

“అలవాటు బిడ్డా. నోరు దానంతటదే అంటది. మళ్ల చెప్త.” కళ్లు మూసుకున్నాడు. “గుడ్ మార్నింగ్. సాఫ్ట్ సొల్యూషన్స్. ఎస్, ఎస్. ఆర్థర్ వాజ్ వర్కింగ్ హియర్. వెరీ గుడ్ బాయ్.”

“వెరీ గుడ్ బాయ్ అనరు. మేనేజర్ గట్ల మాట్లాడడు.”

“మంచోడన్న మాట అబద్ధం కాదు గద. ఆ ఒక్కటన్న అననియ్యి.”

విజయమ్మ కిసుక్కున నవ్వి, ప్రేమమణి ముఖం చూసి కత్తిపీట మీదికి వంగింది.

ప్రేమమణికి నవ్వు రాలేదు. గోడమీద మేకుకు వేలాడుతున్న ఆర్థర్ కంపెనీ ట్యాగ్ వైపు చూసింది. నీలం పట్టీ, ప్లాస్టిక్ బిళ్ల మీద వాడి ఫొటో. ఈ ఇంట్లో కొత్తది ఏదొచ్చినా ముందు దేవుడి ముందు పెట్టాలి. కొత్త బట్టైనా, కొత్త బియ్యమైనా. అందుకని ఆ ట్యాగ్‌ను వాడి మెడలో పడకముందే పాస్టరయ్యగారి చేతికిచ్చింది. ఆయన రెండు చేతుల మధ్య పెట్టుకుని కళ్లు మూసి ప్రార్థన చేశాడు. సంఘమంతా ఆమెన్ అంది. అందరికంటే గట్టిగా తనే అంది.

అబద్ధాన్ని తీసుకుపోయి దేవుడి బల్ల మీద పెట్టి ఆశీర్వదించమని అడిగింది. తెలియక అడిగింది. నిన్నటిదాకా తెలియదు. ఇవాళ తెలుసు. సాయంత్రం అయ్యగారొస్తారు, వాకిట్లో షామియానా కింద నిలబడి ఈ ఉద్యోగం కోసం దేవుణ్ణి స్తుతిద్దాం అంటారు. అప్పుడు తన నోరు ఏం చెయ్యాలి?

“ఫోనొస్తె నేను ఎత్తుత,” అంది. “ఎత్తి, ఇది కంపెనీ కాదమ్మా, ఇల్లు అని చెప్త.”

ఆర్థర్ ఆగిపోయాడు.

“చెప్పు మమ్మీ. చెప్పి నన్ను గేటు బయట నిలబెట్టు. ట్యాగ్ గుంజుకుని పంపిస్తరు. మళ్ల ఏ కంపెనీ గేటు సుత తొక్కనియ్యరు, పేరు బ్లాక్ లిస్టుల పడ్తది. నీ మనసు నిమ్మళం అయితది గద.”

“నేనడిగిన్నా నిన్ను అబద్ధం ఆడమని?”

“నువ్వడగలె. వాళ్లడిగిన్రు. ఫ్రెషర్లొద్దు, ఎక్స్‌పీరియన్స్ ఉంటెనే రా అన్నరు. పని ఇయ్యకుంటె ఎక్స్‌పీరియన్స్ ఏ చెట్టుకు కాస్తది? ఎన్ని ఆఫీసులు తిరిగిన నేను? చెప్పులరిగినయ్. మా బ్యాచ్‌ల విజయేందర్ ఉన్నడు, ఎరుకే గద? వాళ్ల మామకు కంపెనీ ఉంది. వాడు ఒక్కనాడు ఆ మెట్లెక్కలె. వానికి సుత రెండేండ్లు చేసిండని మామ సంతకం పెట్టి ముద్ర గుద్దిచ్చిండు. గది అబద్ధం కాదంట. గది మామ ప్రేమంట. నాకు కంపెనీ ఉన్న మామ లేడు. నాకున్న మామ వర్క్‌షాపుల బోల్టులు బిగిస్తడు.”

అది నిజమని ప్రేమమణికి తెలుసు. తలుపులన్నీ లోపలినుంచి గడియ వేసుకుని కూర్చున్నవాళ్లే బయటివాణ్ణి గోడ దూకావని పట్టుకుంటారు. ఆమె తల్లి మిషన్ ఆసుపత్రి వరండాలు ఊడ్చి ఈమెను పెంచింది. సంఘంలో అందరూ సహోదరులే, సహోదరీలే, కాని వరండాలు ఊడ్చినామె కూతురు ముందు వరుసలో కూర్చుంటే వెనక గుసగుస ఎప్పుడూ ఆగలేదు. ఆ గుసగుసల వాళ్లందర్నీ ఇవాళ సాయంత్రానికి పిలిచింది. ఇంటింటికీ పోయి, పేరుపేరునా పిలిచింది.

“నీకు పని రాదని ఎవరన్న అన్నరా?” అని అడిగింది, గొంతు తగ్గించి.

“అనలె. మా టీమ్ లీడర్ నిన్న సుత బాగా చేసినవన్నడు. పనిల దొంగతనం లేదు మమ్మీ. కూడు దొంగది కాదు.”

“తలుపు దొంగది.”

“తలుపు దగ్గరెవరు చూస్తున్నరు?”

“సాయంత్రం నేను ఎవరికి దండం పెడ్తనో ఆయన చూస్తున్నడు.”

జంగయ్య కుర్చీ చేతిమీద చరిచాడు.

“ఏందే నీ లొల్లి? దేవునికి మొదటి జాగ ఇయ్యలేదా మనం? ఒక్క ఆదివారం తప్పినమా? పొద్దుగాల లేస్తె నోట్ల నీళ్లు పడకముందు ప్రార్థన. పోరగాళ్లకు జరమొస్తె సుత ముందు ప్రార్థన, తర్వాత డాక్టర్. ఇంకెంత మొదలు పెట్టాలె? మొదలు ఆయనే. కాదన్నోడెవడు? రెండోది పొట్ట. దాన్ని సుత జెర చూసుకోవాలె గద.”

“మొదటి జాగ అంటె ఏందనుకుంటున్నవ్? బస్సుల ముందటి సీటా? ఆయన్ని ముందర కూసుండబెట్టి, వెనక మనిష్టమున్న కాడికి బండి తోలుతమా?”

“అగ, మొదలువెట్టె వాక్యం. ఆడోళ్ల కూడికల చెప్పుకో గది.”

“నువ్వు సంఘం పెద్దవు. కానుకల సంచి పట్టిన చేత్తోనే ఆ ఫోన్ పడ్తవా?”

జంగయ్య తన చేతివైపు చూసుకున్నాడు. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడ కింద దాచుకున్నాడు. తర్వాత ఎవరితోనూ కాకుండా ఫోన్‌తో చెబుతున్నట్టు మెల్లగా అన్నాడు.

“నా జిందగీ అంత నూనె బట్టలల్ల పోయింది. సబ్బు పెట్టి రుద్దినా గోర్ల కింద నలుపు పోలె. వాడు తెల్ల చొక్కా ఏసుకుని ఏసీల కూసుంటున్నడు. గది చూసుకుంట చచ్చిపోదామనుకున్న. దేవుడు నన్నేమన్న అంటె నేను జవాబు చెప్పుకుంట. నువ్వు అడ్డం రాకు.”

ఫ్యాన్ తిరుగుతోంది. ఎల్లిగడ్డ పొట్టు లేచి చాప చుట్టూ దొర్లుతోంది. ఫోన్ మోగుతుందేమోనని నలుగురూ దానివైపు చూస్తున్నారు. అది మోగలేదు. మోగకపోవడం ఇంకా అన్యాయంగా ఉంది.

విజయమ్మ కత్తిపీట పక్కకు జరిపి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“వదినె, నేనొక మాటంట, కోపం జెయ్యకు. నేనెత్తుత. అన్నకు మీ దేవుని భయం, నీకు మీ దేవుని భయం. నాకేం లేదు మీ దేవునితోని. మా దేవునికి నేను తర్వాత కొబ్బరికాయ కొట్టి నచ్చజెప్పుకుంట. అవునమ్మా, పిలగాడు మా కాడనే చేసిండు అని తెలుగుల చెప్త. మేనేజర్లు తెలుగోళ్లు ఉండరా ఏంది?”

ఆర్థర్ ముఖం వెలిగింది. “ఆంటీ, నిజంగ చెప్తవా?”

“చెప్తగని, జెర ఆ కంపెనీ పేరు నేర్పియ్యి. నోరు తిరగాలె గద.”

ప్రేమమణి పక్కింటి మనిషి ముఖంలోకి చూసింది. ఈ వాడకు వచ్చినప్పట్నుంచీ తోడు. ఆర్థర్ పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్న చేతులు ఆమెవి. చేస్తానన్నది నిజంగానే చేస్తుంది, మనసులో మడత లేదు. ఆ ఒక్క క్షణం ప్రేమమణికి ఎంత హాయిగా అనిపించిందంటే, తన హాయిని చూసి తనకే భయం వేసింది. తాను చాప మీదినుంచి లేవక్కర్లేదు. ఎల్లిగడ్డ పొట్టు తీస్తూ ఉంటే చాలు. ఎవరో అంటారు, ఎవరో వింటారు, సాయంత్రం తన నోరు శుభ్రంగా ఉంటుంది.

“వద్దు వదినె,” అంది.

“నాకేం తక్లీఫ్ లేదే.”

“నాకుంది. నా ఇంటి అబద్ధాన్ని నీ ఇంటికి పంపి, నేను స్నానం చేసి కూడికల కూసుంటె, ఆయన నాకంటె ముందు నిన్ను లోపలికి పిలుస్తడు. నన్ను గడప బయట్నే ఉంచుతడు.”

“ఏమో వదినె. నీ దేవుడు నీకు ఒక్క కిటికీ సుత తెరిచిపెట్టినట్టు లేదు,” అని విజయమ్మ మళ్లీ ఉల్లిగడ్డ అందుకుంది.

ఆర్థర్ గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. చిన్నప్పుడు లెక్క తప్పితే అట్లాగే కూర్చునేవాడు. ప్రేమమణి చేతులు పొట్టు తీస్తూనే ఉన్నాయి, కళ్లు మాత్రం ఆ తలమీద ఉన్నాయి. లేచి వెళ్లి ఆ జుట్టులో చెయ్యి పెట్టాలని ఉంది. పెడితే తను కరిగిపోతుంది. పెట్టలేదు.

అప్పుడే బయట ఆటో ట్రాలీ ఆగింది. షామియానా వాళ్లు.

“పెద్దమనిషీ, బొంగులు ఎక్కడ పాతాలె?” అని ఎవరో కేకేశారు.

జంగయ్య కదల్లేదు. మళ్లీ కేక. “కుర్చీలు లోపల దించాల్నా, సందులనే దించాల్నా? ట్రాఫిక్ ఆగుతుంది సార్, జెర రాండ్రి.”

తప్పనిసరిగా లేచాడు. గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరిగి, వేలు చూపించాడు.

“ఎవరూ ముట్టొద్దు. నేనిప్పుడే వస్త.”

ఆయన చెప్పులు వేసుకుంటుండగానే ఫోన్ మోగింది.

ఆర్థర్ తల ఎత్తాడు. జంగయ్య ఒక చెప్పుతో గుమ్మంలో నిలబడిపోయాడు. ప్రేమమణి ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. ఎల్లిగడ్డ వాసన చేతుల్తోనే ఎత్తింది. ఎత్తాక మొదటి మాట నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. ఆ దేవుడి పేరు ఇప్పుడు ఏ మొహంతో అనాలి?

“హలో,” అంది, పరాయి ఇంట్లో మాట్లాడుతున్నట్టు.

“ఆంటీ, నిన్న మాట్లాడింది మీరే గద?” అవతలి పిల్ల ఈసారి తెలుగులో అడిగింది.

పాత ఫోన్. గొంతు గదంతా వినిపిస్తోంది. జంగయ్య రెండు చేతులూ ఊపి సైగ చేస్తున్నాడు. ఇటివ్వు, ఇటివ్వు. ప్రేమమణి ఆయనకు వీపు పెట్టింది.

“నేనేనమ్మా.”

“ఇది కంపెనీయేనా ఆంటీ?”

“కాదమ్మా. ఇల్లు. ఆర్థర్ నా కొడుకు.”

జంగయ్య గుమ్మం మీద కూలబడ్డాడు. విజయమ్మ కత్తిపీట చప్పుడు ఆగిపోయింది. అనేసింది. అన్నాక ఆకాశం విరిగి పడలేదు. ఆమె గుండె తేలికా పడలేదు. కొడుకు వైపు చూడ్డానికి ధైర్యం చాలలేదు.

అవతల ఆ పిల్ల గొంతు బాగా తగ్గించింది.

“నాకు ఎరుకే ఆంటీ. నిన్న మీరు ఫోనెత్తి ప్రైజ్ ద లార్డ్ అన్నప్పుడే ఎరుకైంది. నేను సుత విశ్వాసినే. జ్ఞానమణి నా పేరు. బన్సీలాల్‌పేట్ మాది. గందుకే నిన్న ఫైల్ల ఏం రాయలె, ఫోన్ కలవలేదని పెట్టిన. మా అన్న సుత గిట్లనే దొరికిపోయి ఇంట్ల కూసున్నడు, మనిషి ఖరాబైపోయిండు. గా బాధ నాకు తెల్సు. ఇంతమంది ఉండంగ మీ ఫైలు నా టేబుల్ మీదనే పడిందంటె దేవుడే పడేసిండు అనుకున్న. అంత మంచిగనే ఉందని రాసేస్త ఆంటీ. మీరు సరే అంటె సాలు.”

గుమ్మం దగ్గర జంగయ్య రెండు చేతులూ పైకెత్తాడు. “స్తోత్రం ప్రభువా,” అన్నాడు. కళ్లనిండా నీళ్లు. “వింటున్నవా? ఆయనే పంపిండే. నువ్వు నిజం చెప్పినవ్, ఆయన తలుపు తీసిండు. ఇంకేం గావాలె నీకు? సరే అను.”

ప్రేమమణి నోరు తెరిచింది.

ఎన్నేళ్లుగానో ఆమె చేసిన ప్రార్థన ఇదే. మాకూ ఒక మనిషిని పెట్టు ప్రభువా, ఏదో ఒక కుర్చీలో, మావాణ్ణి చూసి మనవాడే అనుకునే మనిషిని. పెట్టాడు. తనేం అబద్ధం ఆడలేదు. తను నిజమే చెప్పింది. నిజం చెప్పినందుకు దేవుడు కాపాడాడని సాయంత్రం షామియానా కింద నిలబడి చెబితే ముందు వరుసలో వాళ్లు కూడా కళ్లు ఒత్తుకుంటారు. ఇంత మంచి సాక్ష్యం ఆమె జన్మలో చెప్పి ఉండదు.

అదే ఆమెను పట్టుకుంది. ఇంత నున్నగా, ఇంత చక్కగా ఎట్లా అమరింది?

“అమ్మా జ్ఞానమణీ,” అంది. “గట్ల రాసినవని తెలిస్తె నీ నౌకరి ఉంటదా?”

“ఉండదు ఆంటీ. ఎవరికీ తెల్వదు తీ. జల్ది చెప్పండి, మా సారొస్తుండు.”

ప్రేమమణి వెనక్కి తిరిగింది. ఆర్థర్ లేచి నిలబడి ఉన్నాడు. వాడి ముఖంలో కోపం లేదు, ఆశ మాత్రమే ఉంది. అది కోపం కంటే కష్టంగా ఉంది చూడ్డానికి. ఆమె రిసీవర్‌ను వాడి చేతికి చాపింది.

“నువ్వే చెప్పు.”

“మమ్మీ?”

“నీ బదులు ప్రార్థన చేసిన. నీ బదులు ఉపాసమున్న. నీ బదులు సంఘంల లేచి నిలబడి సాక్ష్యం చెప్పిన. నీ దేవున్ని సుత నేనే మోసుకుంట తిరిగిన ఇన్నొద్దులు. గీ మాట నేను చెప్ప. సరే అనుడో, వద్దనుడో, నీ నోటితోని అను. ఆ పిల్ల నౌకరి సుత నీ చేతిలనే ఉంది, మతిలుంచుకో.”

ఆర్థర్ తీసుకున్నాడు. చెవికి పెట్టుకున్నాడు.

“మేడం, ఒక్క నిమిషం,” అని రిసీవర్‌ను అరచేత్తో మూశాడు. మూసి తల్లివైపు తిరిగాడు. తండ్రివైపు కాదు.

“నేను వద్దంటె నా నౌకరి పోతది. పోయినంక సుత సాయంత్రం కూడిక ఉంటదా?”

ప్రేమమణికి వెంటనే అర్థం కాలేదు.

“గవే కుర్చీలల్ల గందరిని కూసుండబెట్టి, నా కొడుకు దొంగ సర్టిఫికెట్ పెట్టిండు, నౌకరి పోయింది, అయినా దేవునికి స్తోత్రం అని లేచి చెప్తవా? గా ముందటి వరుసోళ్ల మొహం మీద చెప్తవా? లేకుంటె అయ్యగారికి జరమొచ్చిందని కూడిక ఆపుతవా?”

పొద్దుటినుంచీ అందరి మాటకూ జవాబున్న మనిషి. ఆమె పెదవులు కదిలాయి. వరండాలు ఊడ్చిన తల్లి, ఇంటింటికీ తిరిగి పిలిచిన పేర్లు, ఒక్కొక్క ముఖం కళ్లముందు కూర్చున్నాయి.

“చెప్పు మమ్మీ,” అన్నాడు ఆర్థర్. “ఆ పిల్ల లైన్ల ఉంది.”